వగరు తీరే దాకా



బరోలో అనే ఇటలీ వైన్‌ను మొదటిసారి చూసేవాళ్లు రంగు దగ్గరే పొరపడతారు. గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనిపించేంత పలచన. గోమేధికం రంగు ఎరుపు, అంచు దగ్గర అప్పుడే ఇటుక ఛాయ. ఇంత లేత రంగున్నది నోటికీ తేలిగ్గానే తగులుతుందనుకుని ఒక గుక్క పుచ్చుకుంటారు. మరుక్షణం చిగుళ్లు బిగుసుకుంటాయి. బుగ్గల లోపలంతా తడి ఆరిపోయినట్టవుతుంది. నాలుక పళ్లకు అంటుకుంటుంది. ఆ వెంటనే పులుపు తగిలి నోరూరుతుంది. ఎండడమూ ఊరడమూ ఒకేసారి! అయిదారేళ్ల వయసున్న బరోలో చాలావరకు ఇలాగే ఉంటుంది.

అదే సీసా మరో ఇరవై ఏళ్లు చల్లని చీకటి గదిలో పడి ఉంటే దాని నడత మారిపోతుంది. బిగువు సడలుతుంది. ఎండిన గులాబీ రేకులు, అతిమధురం, తోలు, వానకు తడిసిన అడవి నేల, ఇలాంటి వాసనలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తాయి. మొదట మనిషిని వెనక్కి నెట్టిన ఆ వగరే ఇన్నేళ్లూ ఈ వైన్‌ను కాపాడుతూ వచ్చింది. బరోలో రుచి చూడటం నేర్చుకోవడమంటే ముఖ్యంగా ఆ వగరును అర్థం చేసుకోవడమే. అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా తగ్గుతుంది, తగ్గే లోపల ఏం కాపాడుతుంది అన్నదే ఈ పూట ప్రసంగం.

ఇటలీ వాయవ్య మూలన పీడ్‌మాంట్ ప్రాంతం ఉంది. దాని రాజధాని టురిన్. అక్కడి నుంచి దక్షిణంగా వస్తే ఆల్బా పట్టణం, ఆ పట్టణం చుట్టూ లాంగె కొండలు. ఇవి ఆకాశాన్ని అంటే కొండలేమీ కావు. తోటలు చాలావరకు సముద్రమట్టానికి రెండు వందల నుంచి అయిదు వందల మీటర్ల మధ్యనే ఉంటాయి. ఒక్కో గుట్ట మీద ఒక ఊరు, ఊరికో కోట గానీ చర్చి గోపురం గానీ, కింద వరసలు తీరిన ద్రాక్షతోటలు. 2014లో యునెస్కో ఈ ద్రాక్షతోటల సీమను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బరోలో అన్న పేరు ఇందులో 11 ఊళ్ల పరిధిలో పండిన ద్రాక్షకే చెల్లుతుంది. బరోలో, కాస్తిల్యోనె ఫల్లెత్తో, సెర్రలుంగా అనే మూడు ఊళ్లు పూర్తిగా ఆ పరిధిలో ఉన్నాయి. లా మొర్రా, మోన్‌ఫోర్తె, నొవెల్లో, వెర్దూనో వంటి మిగతా ఎనిమిది కొంత కొంత భాగం మేరకు ఉన్నాయి. అన్నీ కలిపి రెండు వేల హెక్టార్లు పైచిలుకు.

ద్రాక్ష ఒక్కటే రకం, నెబ్బియోలో. ఇందులో మరో రకాన్ని చుక్క కూడా కలపడానికి చట్టం ఒప్పుకోదు. ఈ తీగకు ఓపిక ఎక్కువ కావాలి. చుట్టుపక్కల రకాలన్నింటికంటే ముందుగా ఏప్రిల్‌లోనే చిగురేస్తుంది, అందరికంటే ఆలస్యంగా అక్టోబరులో కోతకొస్తుంది. వసంతంలో మంచు కొడితే చిగురు పోతుంది, శరదృతువులో వానలు పట్టుకుంటే పండు పోతుంది. అందుకే రైతు తన పొలంలో ఎండ బాగా తగిలే దక్షిణపు వాలునే దీనికి కేటాయిస్తాడు. శీతాకాలంలో మంచు ఏ వాలు మీద ముందుగా కరిగితే అక్కడ నెబ్బియోలో నాటాలన్నది అక్కడి పెద్దల లెక్క. మిగిలిన చోట్ల బార్బెరా, దొల్చెత్తో అనే రకాలు వేస్తారు. ద్రాక్షకు పనికిరాని దిగువ నేలల్లో హేజల్‌నట్ చెట్లు కనిపిస్తాయి.

ఇక రంగు సంగతి. ద్రాక్ష తొక్కలో ఉండే ఎర్రని రంగు పదార్థాలను ఆంథోసయనిన్లంటారు. వాటిలో కొన్ని గట్టి రకాలు, గాలి తగిలినా తట్టుకుంటాయి. నెబ్బియోలో తొక్కలో తొందరగా చెదిరిపోయే రకాలు ఎక్కువ. అందుకే కాబెర్నె లాంటి ద్రాక్షతో చేసిన వైన్ పదేళ్లకూ నిండు ఎరుపుగా ఉంటే, నెబ్బియోలో నాలుగైదేళ్లకే అంచున నారింజ రంగుకు తిరుగుతుంది. మరో వైన్‌లో ఆ నారింజ అంచు ముసలితనానికి గుర్తు. ఇక్కడ అది పుట్టుకతో వచ్చిన లక్షణం. ఇది తెలియక మంచి వయసులో ఉన్న బరోలోను పాడైపోయిందనుకుని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు.

రంగు పలచనే గానీ, వగరుకు మూలమైన టానిన్లు మాత్రం నెబ్బియోలో తొక్కలోనూ గింజలోనూ దండిగా ఉంటాయి. టానిన్ల పని ఏమిటో పాలు పోయని టీ డికాక్షన్ తాగి చూస్తే తెలిసిపోతుంది. చిక్కగా మరిగిన డికాక్షన్ నోట్లోని లాలాజలంలో ఉండే ప్రోటీన్లను పట్టుకుంటుంది. నోటికి జారుడునిచ్చేవి ఆ ప్రోటీన్లే కనక నోరు ఎండినట్టవుతుంది. అందులో పాలు పోస్తే టానిన్లు పాలలోని ప్రోటీన్లను పట్టుకుని ఊరుకుంటాయి, వగరు తగ్గుతుంది. బరోలోతో పాటు మాంసం, వెన్న, జున్ను తినే పీడ్‌మాంట్ అలవాటుకూ ఇదే కారణం. ఎద్దు మాంసాన్ని అదే వైన్‌లో గంటల తరబడి ఉడికించే బ్రసాతో, పిండిని గుడ్డు పచ్చసొనలతో కలిపి సన్నగా కోసిన తాయరిన్ అనే పాస్తా, దాని మీద పలచగా తురిమిన ట్రఫుల్ అనే ఆల్బా తెల్ల పుట్టగొడుగు, ఇవన్నీ ఆ వగరుకు జోడీగా తరతరాలుగా కుదిరిన వంటలు.

ఈ వైన్ ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోకూడదు. 1787 ఏప్రిల్‌లో థామస్ జెఫర్సన్ టురిన్‌కు వచ్చాడు. అప్పట్లో ఆయన ఫ్రాన్స్‌లో అమెరికా ప్రతినిధి, ముందుముందు అమెరికా అధ్యక్షుడు కాబోయేవాడు. నెబ్బియోలో రుచి చూసి తన ప్రయాణపు నోట్సులో మూడు సంగతులు రాసుకున్నాడు: మదీరా వైన్‌లో ఉండేలాంటి తీపి, బోర్డో వైన్‌లో ఉండే వగరు, షాంపేన్‌లో ఉండే చురుకు. ఆ మూడూ ఒక గ్లాసులోనే ఎలా చేరాయి? ద్రాక్ష ఆలస్యంగా కోతకొస్తుంది. రసం పులుస్తూ ఉండగానే చలికాలం ముంచుకొస్తుంది. చలికి ఈస్టు పని ఆపేస్తుంది, చక్కెర మిగిలిపోతుంది. వసంతంలో మళ్లీ వేడి పుట్టగానే ఆ మిగిలిన చక్కెర పులవడం మొదలై బుడగలు వస్తాయి. అలాంటి వైన్ ఏడాది నిలవడమే గొప్ప.

పూర్తిగా పులిసి, తీపి లేకుండా, నిలవుండే బరోలో పంతొమ్మిదో శతాబ్దంలో తయారైంది. అందులో ఇద్దరి పేర్లు తప్పకుండా వస్తాయి. ఒకరు జూలియా కొల్బేర్. 1785లో ఫ్రాన్స్‌లో పుట్టి, బరోలో ఊరి ప్రభువుల ఫల్లెత్తి వంశంలోకి కోడలిగా వచ్చింది. టురిన్ జైళ్లలో ఆడవాళ్ల దుస్థితిని మార్చడానికి పాటుపడిన మనిషి. ఆస్ట్రియా చెరసాల నుంచి విడుదలైన రచయిత సిల్వియో పెల్లికోను తన ఇంట గ్రంథపాలకుడిగా పెట్టుకుంది. పిల్లలు లేకపోవడంతో ఆమె ఆస్తి ధర్మకార్యాల సంస్థకు చేరింది. రెండో వ్యక్తి కవూర్. ఏకమైన ఇటలీకి 1861లో మొదటి ప్రధాని అయిన కవూరే. అంతకు ముందు 1832 నుంచి 1849 దాకా ఆల్బా పక్కనున్న గ్రింజానె అనే చిన్న ఊరికి మేయరు, అక్కడి తోటలకు యజమాని. తీపి వైన్‌ను తీపి లేని వైన్‌గా మార్చిన ఘనత చాలాకాలం లూయీ ఊదార్ అనే ఫ్రెంచి మనిషికి కట్టబెట్టారు. ఈమధ్య చరిత్రకారులు పాత కాగితాలు తిరగేసి, గ్రింజానెలో కవూర్ కొలువులో పనిచేసిన పావొలో ఫ్రాంచెస్కో స్తాల్యేనో అనే సైనికాధికారికి పెద్దపీట వేస్తున్నారు. ఆ మార్పు ఒక్కరి చేతిమీదుగా, ఒక్క రోజున జరిగిందనుకోవడం కంటే, శుభ్రమైన సెల్లార్లు, మూతపెట్టిన తొట్లు, పులిసే వేడి మీద అదుపు, ఇవన్నీ కొన్నేళ్లలో కలిసివచ్చాయనుకోవడమే సబబు.

అంతటి పేరున్నా లాంగె కొండల్లో మాత్రం ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా పేదరికమే. ఆల్బాలో పుట్టిన రచయిత బెప్పె ఫెనోల్యో 1954లో అచ్చయిన తన ‘లా మలోరా’ నవలలో రాసింది ఈ కొండల కూలి బతుకుల గురించే. యుద్ధం తర్వాత ఆల్బాలో ఫెర్రెరో చాక్లెట్ ఫ్యాక్టరీ వచ్చాక చాలామంది యువకులు తోటలు వదిలి అక్కడ పనికి చేరారు. ఇప్పుడు కోట్లు పలికే ఈ వాలుల మీద అప్పట్లో ఉండటానికి మనుషులే కరువు.

వైన్ ఎలా తయారవుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. అక్టోబరులో కోసిన గుత్తుల తొడిమలు తీసి, పండ్లను చితక్కొట్టి, తొక్కలతో గింజలతో సహా తొట్టిలో పులియబెడతారు. పాత పద్ధతిలో పిప్పి పైకి తేలకుండా చెక్కలు అడ్డంపెట్టి రసంలోనే ముంచి ఉంచుతారు. ముప్పై రోజులు, నలభై రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. టానిన్లు దిగేది అప్పుడే. తర్వాత వైన్‌ను వడకట్టి ఓక్ కలప పీపాల్లోకి పంపుతారు. చట్టం ప్రకారం కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కపెట్టి 38 నెలలు ఆగాలి. అందులో కనీసం 18 నెలలు కలపలో గడపాలి. రిజెర్వా అని రాసుకోవాలంటే 62 నెలలు. అంటే ఏ బరోలో అయినా కోత తర్వాత నాలుగో ఏడు వస్తేగానీ అంగడికి రాదు. అయినా అప్పటికి అది పసిదే.

ఇక్కడే పెద్ద గొడవ జరిగింది. లా మొర్రాకు చెందిన ఎలియో అల్తారె అనే యువరైతు 1970లలో ఫ్రాన్స్‌లోని బర్గండీకి వెళ్లి వచ్చాడు. అక్కడి రైతుల సంపదా, చిన్న కొత్త పీపాలూ చూశాడు. ఇక్కడ తన ఇంట్లో తాతల నాటి పెద్ద పీపాలు, పాచి వాసన. 1983లో మోటారు రంపం తీసుకుని తండ్రి పెద్ద పీపాలను కోసిపారేశాడు. తండ్రి ఆ పని క్షమించలేదు. కొడుకును వారసత్వం నుంచే తప్పించాడు. తర్వాత అదే దారిలో నడిచిన యువకుల్ని ‘బరోలో బాయ్స్’ అన్నారు. తొక్కలతో నానబెట్టే కాలాన్ని వారాల నుంచి రోజులకు కుదించారు. గుండ్రంగా తిరిగే తొట్లలో రసాన్ని తిప్పి రంగు త్వరగా లాగారు. 225 లీటర్ల కొత్త ఓక్ పీపాల్లో, అంటే బారిక్‌లలో వైన్ పెట్టారు. అలా చేసిన వైన్ నాలుగేళ్లకే తాగడానికి మెత్తగా ఉండేది. అమెరికా మార్కెట్ దాన్ని కళ్లకద్దుకుంది.

ఎదుటి పక్షాన బరోలో ఊళ్లోని బార్తొలో మస్కరెల్లో నిలబడ్డాడు. ఆయన నాలుగు తోటల ద్రాక్షను కలిపి ఒకే వైన్ చేసేవాడు. కన్నూబి, సాన్ లొరెంజో, రూవె, లా మొర్రాలోని రొక్కె తోటల పండ్లు ఒకే తొట్టిలో పులిసేవి. పెద్ద పాత పీపాలు, ఎక్కువ రోజుల నానబెట్టడం, ఓర్పు, ఇదే ఆయన పద్ధతి. వయసు మళ్లి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాక సీసాల లేబుళ్లకు చేత్తో బొమ్మలు వేసేవాడు. ఒక లేబుల్ మీద బారిక్ వద్దు, బెర్లుస్కోనీ (అప్పటి ఇటలీ రాజకీయ నేత) వద్దు అని రాశాడు. 2005లో ఆయన పోయాక కూతురు మరియా తెరెజా అదే పద్ధతి సాగిస్తోంది.

రెండు పక్షాల వైన్లకూ ఇప్పుడు తగినంత వయసు వచ్చింది, తీర్పు చెప్పడం అప్పటి కంటే తేలిక. ఆధునికుల పంథాలో అతిగా పోయిన సీసాల్లో ఓక్ కలప వాసన ఈనాటికీ వేరుగా పైకి తేలుతోంది. ద్రాక్ష రుచి వాడిపోయాక ఆ చెక్క ఒక్కటే మిగిలింది. అయితే శుభ్రత, తోటలో గుత్తులు తగ్గించి నాణ్యత పెంచడం వంటివి ఆ యువకులు తెచ్చిన మేలే. పాతకాలపు మురికి పీపాల వైన్‌ను సంప్రదాయం పేరుతో వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. ఇవాళ చాలామంది పెద్ద పీపాలకే తిరిగొచ్చారు, కానీ అవి శుభ్రమైన పెద్ద పీపాలు.

గ్లాసు దగ్గరికి వెళ్లే ముందు నేల గురించి ఒక మాట. కోటి సంవత్సరాల కిందట ఇదంతా సముద్రపు అడుగు. పడమటి వైపు లా మొర్రా, బరోలో ఊళ్ల నేల కొంచెం మెత్తని, నీలి బూడిద రంగు సున్నపు మట్టి. తూర్పున సెర్రలుంగా నేల అంతకంటే పాతది, గట్టిది, సారం తక్కువ. పడమటి వైన్ త్వరగా విచ్చుకుంటుంది, పూల వాసన ముందుంటుంది. సెర్రలుంగా వైన్ ఏళ్ల తరబడి బిగదీసుకుని ఉంటుంది. ఇది కొండగుర్తు మాత్రమే, తయారీదారు చెయ్యి దీన్ని ఎటైనా తిప్పగలదు. ఏ తోట పండు ఎలా ఉంటుందో రెనాతో రాత్తి అనే తయారీదారు గుర్తించి పటం గీశాడు. 1961 పంటతో ప్రూనొత్తో సంస్థ తరఫున బెప్పె కొల్లా బుస్సియా తోటనూ, వియెత్తి సంస్థ తరఫున ఆల్ఫ్రెదో కుర్రాదో మరో రొక్కె తోటనూ విడిగా సీసా పోసి, తోట పేరును లేబుల్ మీదికి తెచ్చారు. 2010లో ప్రభుత్వం ఇలాంటి పేర్లను అధికారికంగా ఖరారు చేసింది. తోటల పేర్లు 170, ఊళ్ల పేర్లు 11.

ఇప్పుడు గ్లాసు.

వయసైన సీసా అయితే రుచి చూసే ముందు రోజే నిలబెట్టాలి, మడ్డి అడుక్కి దిగుతుంది. బిరడా పాతబడి పెళుసుగా ఉంటుంది, తొందరపడితే విరుగుతుంది. వైన్ వేడి 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. మన గదుల వేడిలో పోస్తే ఆల్కహాల్ ఘాటొక్కటే ముక్కుకు కొడుతుంది. బాగా చల్లబరిస్తే వగరు రెట్టింపై తోస్తుంది. గ్లాసు పొట్ట వెడల్పుగా ఉండాలి, మూడో వంతు కంటే ఎక్కువ పోయకూడదు.

మొదట తెల్ల కాగితం మీద గ్లాసును వంచి చూస్తారు. నడిమి రంగు, అంచు రంగు, వాటి మధ్య ఎంత దూరం ఉందో గమనిస్తారు. నారింజ అంచు చూసి బెదరాల్సిన పని లేదని ఇందాకే అనుకున్నాం. కానీ మెరుపు పోయి, మట్టి నీళ్లలా మసకగా, గోధుమ రంగుగా ఉంటే అనుమానించాలి. తర్వాత గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన, తిప్పి మరోసారి. పసి వైన్‌లో చెర్రీ, రాస్‌బెర్రీ, గులాబీ, కొంచెం నారింజ తొక్క. దాని కింద రోడ్డు మీద కొత్తగా పోసిన తారు వాసన సన్నగా. తారూ గులాబీ ఒకే చోట ఉండటమే నెబ్బియోలోకు చిరునామా. వయసు పెరిగేకొద్దీ పండు వెనక్కి తగ్గి అతిమధురం, పొగాకు, తోలు, ఎండుటాకులు, ఒక్కోసారి ట్రఫుల్ వస్తాయి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా పాడైనట్టు, ఎంత సేపు ఆగినా బాగుపడదు. వెనిగర్ వాసన వచ్చినా అంతే.

ఆపైన గుక్క. మింగకుండా నోరంతా తిప్పి, వగరు ఎక్కడ తగులుతోందో చూడాలి. ఇది చాలా ముఖ్యం. మంచి నెబ్బియోలో వగరు చిగుళ్ల వెంట, ముందు పళ్ల వెనక, సన్నని ఇసుకలా పరుచుకుంటుంది. పచ్చి గింజల వగరు నాలుక వెనక చేదుగా గరగరమంటుంది. మొదటిది కాలంతో కరుగుతుంది, రెండోది కరగదు. అనుభవమున్నవాళ్లు పసి వైన్ తాగి దాని ముందుకాలం చెప్పగలిగేది ఈ తేడాను బట్టే. పులుపు రెండో ఆధారం. వైన్ మింగాక, లేదా ఉమ్మేశాక, నోరు మళ్లీ ఊరాలి. ఒకేరోజు నలభై యాభై నమూనాలు చూసే నిపుణులు ఉమ్మేస్తారు, లేకపోతే పదో గ్లాసు తర్వాత నాలుక మాట వినదు. చివరిగా రుచి ఎంతసేపు నిలిచిందో చూస్తారు. వగరు, పులుపు వెళ్లిపోయాక కూడా పండు రుచి మిగిలి ఉందా అన్నది ప్రశ్న. ఉంటే ఆ వైన్‌కు ఇంకా వయసుంది. ముందు పండు వెళ్లిపోయి ఉత్త వగరే మిగిలితే ఆ సీసాకు ఎదురుచూపులు దండగ.

ఒకే గుక్కతో తీర్పు చెప్పకూడదు. పోసిన అరగంటకు ఒకసారి, గంటన్నరకు ఒకసారి మళ్లీ చూడాలి. మొదట మూసుకున్నట్టున్న వైన్ గంట తర్వాత గులాబీ వాసనతో తెరుచుకోవడం బరోలోలో మామూలే. పసి వైన్‌ను డికాంటర్‌లోకి వంచి రెండు మూడు గంటలు గాలి తగలనివ్వడం మేలు. చాలా పాత సీసాల విషయంలో పీడ్‌మాంట్‌లో కొందరి పద్ధతి వేరు. పొద్దున్నే బిరడా తీసి, కొంచెం వైన్ వంచి, సీసాలోనే సాయంత్రం దాకా వదిలేస్తారు. నలభై ఏళ్ల వైన్‌కు ఒక్కసారిగా గాలి తగిలితే వాసన చెదిరిపోతుందని వాళ్ల భయం. ఆ భయంలో అర్థముంది.

సీసాలో ఇన్నేళ్లూ జరిగేదేమిటి? టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని బరువెక్కి మడ్డిగా దిగిపోతాయని, అందుకే వగరు తగ్గుతుందని చాలాకాలం చెప్పేవారు. అది కొంతవరకే నిజం. వైన్‌లోని పులుపు వల్ల టానిన్ గొలుసులు తెగుతూ, మళ్లీ కొత్తగా కలుస్తూ, రంగు పదార్థాలతో జతకడుతూ ఉంటాయి. అలా రూపు మారినవి లాలాజలాన్ని మునుపటంత గట్టిగా పట్టుకోవు. బిరడా గుండా వచ్చే అతి కొద్ది ఆక్సిజన్‌ను టానిన్లే ముందుగా స్వీకరించి, సున్నితమైన వాసనలను కాపాడతాయి. మొదటి గుక్కలో నోరెండగొట్టింది ఇరవయ్యో ఏట వాసనలకు కాపలా కాస్తుంది.

అయితే ఎప్పుడు తెరవాలి? ఏటి పంటను బట్టి. 1978లో పంట తక్కువ, వగరు విపరీతం. ఇరవై ఏళ్లు దాటినా ఆ వైన్లు మెత్తబడలేదు. 1989, 1996 కూడా నిదానస్తులే. 1990 ఎండ ఎక్కువగా కాసిన ఏడు, ముందుగా తెరుచుకుంది. ఒకప్పుడు దశాబ్దానికి మూడు నాలుగు మంచి పంటలొస్తే అదే పదివేలు. 1990ల నడిమి నుంచి వాతావరణం వేడెక్కి, దాదాపు ప్రతి ఏడూ ద్రాక్ష పండుతోంది, కోత ముందుకు జరిగింది, ఆల్కహాల్ పెరిగింది. అది వరమూ కాదు, ఉత్త శాపమూ కాదు. 2003 లాంటి మండుటెండల్లో పండు ఉడికిపోయి, పులుపు తగ్గి, కొన్ని వైన్లు త్వరగానే అలిసిపోయాయి.

ఏటిని బట్టి కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాళ్లకు 2002 ఒక హెచ్చరిక. ఆ వేసవంతా వానలు, సెప్టెంబరు మొదట్లో బరోలో, లా మొర్రా తోటల మీద వడగళ్లు. చాలామంది ఆ ఏడు తమ గొప్ప తోటల వైన్లను సీసా పోయలేదు. జాకొమొ కొంతెర్నో అనే తయారీదారు ఇంటివాళ్లు మాత్రం సెర్రలుంగాలోని తమ ఫ్రాంచియా తోట పండుతో మోన్‌ఫోర్తీనో అనే రిజెర్వా చేశారు. ఆ వైన్ వచ్చాక దాన్ని తక్కువ చేసి మాట్లాడిన విమర్శకుడు అరుదు. అయిదారు కిలోమీటర్ల దూరంలో వడగళ్లు పడటం, పడకపోవడం, ఆలస్యంగా కోసే ధైర్యం, ఇవి ఏటి పేరు కంటే బలమైనవని ఆ సీసా చెబుతోంది.

దాచే చోటు కూడా ముఖ్యమే. 12 నుంచి 14 డిగ్రీల దగ్గర, వెలుతురు లేకుండా, సీసాను పడుకోబెట్టి, బిరడా తడిగా ఉండేలా ఉంచాలి. విజయవాడలోనో రామగుండంలోనో వేసవిలో 45 డిగ్రీలు తాకే ఇంట్లో బీరువాలో పెడితే, వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను తోస్తుంది, లోపలికి గాలి పోతుంది. ఇరవై ఏళ్లలో జరగాల్సింది రెండు వేసవుల్లో, అదీ వంకరగా జరుగుతుంది. అక్కడ అట్టేపెట్టుకోవాలన్న ఆలోచనే తగదు. మెల్‌బోర్న్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్లయినా వేడిని అదుపులో ఉంచే అల్మరా లేకుండా పదేళ్ల మాట తలపెట్టకపోవడం మంచిది.

కొత్తగా మొదలుపెట్టేవారు నేరుగా ఖరీదైన బరోలోకు వెళ్లకుండా ‘లాంగె నెబ్బియోలో’ అన్న లేబుల్‌తో మొదలుపెట్టవచ్చు. ద్రాక్ష అదే, చాలాసార్లు తయారీదారూ అతనే. నానబెట్టే కాలం తక్కువ, ధర మరీ తక్కువ, వగరు ఓర్చుకోదగినంత. దాని పక్కన ఒక పదేళ్ల బరోలోను పెట్టి చూస్తే కాలం ఏం చేసిందో ఒక్క పూటలో నాలుకకు తెలిసిపోతుంది. ఇప్పుడు తెరవదగ్గవి వెతికేవాళ్లు ఎండ ఏళ్లయిన 2011, 2017, వానల ఏడైన 2014లను చూడొచ్చు. 2014లో జాగ్రత్తగా పండించినవారి వైన్లు పలచగా, పరిమళంగా ఉన్నాయి, ధర కూడా పొరుగు ఏళ్ల కంటే దిగువనే. 2010, 2016 మాత్రం చల్లగా, నిదానంగా పండిన ఏళ్లు. మంచి తోటల నుంచి వచ్చిన 2016 సెర్రలుంగాలను, దాచే వసతి ఉన్నవాళ్లు, ఇంకో పదేళ్లు ముట్టుకోకపోవడమే నయం.